కన్నీటి సుడి

"తాడు గట్టిగా పట్టుకో," అన్నాడు బర్నబాస్, నిప్పుల్లోంచి ఎర్రగా కాలిన ఇనుప చువ్వ తీస్తూ.

"నేను పట్టుకోను," అంది భార్య రాహేలు. పట్టుకునే ఉంది. "నిన్ను నమ్మి నిలబడి ఉండాది. యాలయ్యా దాన్ని కాల్చేది?"

"ఆ సుడి పోవల్ల. ఇంక దేనికి?"

ఎస్తేరు అని వాళ్లు పిలుచుకునే ఆ ఎర్ర గుర్రానికి కుడి కంటి కింద, సరిగ్గా కన్నీరు జారే చోట, వెంట్రుకలు గుండ్రంగా తిరిగి ఉంటాయి. దాన్ని కన్నీటి సుడి అంటారు. ఆ సుడి ఉన్న గుర్రం ఏ ఇంట ఉంటే ఆ ఇంట ఏడుపు తప్పదని మదనపల్లెలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మండీ యజమాని నారాయణస్వామికి ఇంకాస్త ఎక్కువ తెలుసు. ఏడాది కిందట ఇంట్లో వరసగా రెండు చావులు జరిగేసరికి, తన దొడ్లో పుట్టి, తన మండీ ముద్ర తొడ మీద వేయించుకున్న ఆ గుర్రాన్నే చర్నాకోలతో చావగొట్టి, మేత పెట్టకుండా కట్టేశాడు. చంపితే పాపమట. ఆకలికి అదే చస్తే కాదట. జట్కా తోలుకునే బర్నబాస్ వెళ్లి అడిగితే, తీసుకుపో, పీడ వదులుతుందన్నాడు. రేపు దొంగతనం అంటగడతారేమోనని రాహేలు పట్టుబట్టి ఆయన చేత కాగితం రాయించుకుని, బైబిల్లో దాచింది.

అప్పటినుంచి సాకుతున్నారు. ఎముకల మీద కండ పట్టింది. చర్నాకోల ముట్టకుండా నడక నేర్పాడు బర్నబాస్. రాహేలు నీళ్లు నిండిన చెంబు ఒళ్లో పెట్టుకుని జట్కాలో కూర్చునేది. నీళ్లు తొణికితే బండి ఆపి, గుర్రం మెడ నిమిరి, మళ్లీ మొదటినుంచి నడిపించేవాడు. ఇప్పుడు చుక్క కూడా తొణకడం లేదు. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడుస్తున్న యుద్ధం రోజులవి. జట్కాకు జనం ఎగబడాలి. కానీ ఎస్తేరు మొహం చూసి, ఎక్కినవాళ్లు కూడా దిగిపోతున్నారు.

"ఇట్లే ఉంటే దీనికి దాణా యాణ్ణించి తెచ్చేది? తోళ్లోళ్లకు అప్పజెప్పల్ల," అన్నాడు బర్నబాస్. "వచ్చే నెల పుంగనూరు పశువుల పరసలో నడక పందెం గెలిస్తే దీన్ని ఎవురూ వేలెత్తి సూపరు. సుడి ఉంటే పందెం నడిపే ఆ గంగులయ్య బరిలోకే రానీడు."

"సుడులూ గిడులూ మనకు లేవని నువ్వే గదా చెప్పేది."

"మనకు లేవు. ఊరికి ఉండాయి."

"ఆ సుడే గదయ్యా దీన్ని మనింటికి పంపింది."

బర్నబాస్ సుడి మీద చువ్వ ఆనించాడు. వెంట్రుకలు కాలిన కంపు కొట్టింది. ఎస్తేరు ఒళ్లంతా వణికిపోయింది గానీ తన్నలేదు. తన్నినా బాగుండేదనిపించింది రాహేలుకు.

పరస నాటికి పుండు మానింది. కంటి కింద వేలెడు నున్నటి మచ్చ మిగిలింది. పందెం పెద్ద గంగులయ్య ఒకప్పుడు జమీందారు లాయంలో గుర్రాలు సాకినవాడు. చూపు మందగించినా ఆయన వేళ్లకు అన్నీ తెలుస్తాయి. ఆ వేళ్లు మచ్చ దగ్గర ఆగాయి.

"ఇదేందప్పా?"

"ముళ్లకంప గీసుకునింది సామీ."

"సుడి కాల్చలేదు గదా? మీ దేవుడి పుస్తకం మీద చెప్పు."

రాహేలు బైబిలున్న సంచీని వెనక్కి లాక్కుంది. బర్నబాస్ ఆమె చేతిలోంచి పుస్తకం తీసుకుని, పరసంతా చూస్తుండగా దాని మీద చెయ్యి పెట్టాడు.

"ఈ గుర్రానికి పుట్టినప్పటినుంచీ సుడి లేదు."

జట్కా పలక మీద అంచుదాకా పాలు పోసిన చెంబు పెట్టి, మైదానం చుట్టూ రెండు చుట్లు తిప్పాలి. ఆరు బండ్లు తిరిగాయి. ఆరింటి పలకలూ తడిశాయి. ఎస్తేరు తిరిగొచ్చాక గంగులయ్య పలక తడిమి చూశాడు. పొడిగా ఉంది. ఆయన తన భుజం మీది శాలువా తీసి దాని మెడకు కట్టాడు. మదనపల్లెలో జట్కా దిగిపోయిన మనుషులే వచ్చి దాని వీపు తట్టారు. బర్నబాస్ ఏడ్చేశాడు. రాహేలు కూడా ఆ కాసేపు చువ్వ సంగతి మరిచిపోయింది.

అంతలో గుంపులోంచి నారాయణస్వామి వచ్చాడు. పరసలో అప్పుడే కొన్న కొత్త చర్నాకోల చేతిలో ఉంది. ఆయన్ను చూడగానే ఎస్తేరు రాహేలు వెనక్కి జరిగింది.

"నా గుర్రాన్ని బాగా సాకినావప్పా. ఇంక తోలుకుపోతా."

"నీదేంది సామీ?" అంది రాహేలు. "నువ్వే గదా ఇచ్చేస్తివి. నువ్వు రాసిచ్చిన కాగితం ఉండాది."

ఆమె బైబిల్లోంచి తీసి ఇచ్చిన కాగితాన్ని గంగులయ్య పక్కనున్న కరణం చేతికిచ్చాడు. కరణం గట్టిగా చదివాడు: "కుడి కంటి కింద కన్నీటి సుడి గల నా గుర్రమును బర్నబాసునకు ఇచ్చివేసితిని."

"ఆ రాత నాదే," అన్నాడు నారాయణస్వామి. "సుడి ఉండే గుర్రం యాడుండాదో ఎతుక్కోమను. ఈ గుర్రం తొడ మీద నా ముద్ర ఉండాది. దీనికి పుట్టినప్పటినుంచీ సుడి లేదని ఆయప్పే ఒట్టేసినాడు."

మదనపల్లె వాళ్లు నేల చూపులు చూశారు. మండీ యజమానికి ఎదురు చెప్పడానికి వాళ్లకేం పట్టింది.

బర్నబాస్ మోకాళ్ల మీద పడ్డాడు. "అబద్ధం చెప్పినా సామీ. సుడి ఉణ్ణింది. నేనే కాల్చినా. పందెం వద్దు, శాలువా వద్దు, దాన్ని మాత్రం పంపొద్దు."

"ఇందాక దేవుడి మీద చెప్తివి. ఇప్పుడు దేని మీద చెప్తాండావు?" అన్నాడు గంగులయ్య.

నారాయణస్వామి వంగి, నున్నటి మచ్చ మీద బొటనవేలు తాపీగా రుద్దాడు.

"ఆ సుడి యాడుండాదో సూపించప్పా. సూపించి, గుర్రాన్ని తోలుకుపో."