గ్రోవ్ అంటే ఏటి బాబూ?

అడవుల శాఖ దొర తెచ్చిన హుకుంలో ఒక్క మాట ఉంది. గ్రోవ్. ఒక కొండ ఊరి అమ్మవారి చెట్లు బతకాలన్నా, రైలు పట్టాల కింద చెక్కలైపోవాలన్నా ఇక ఆ మాటే దిక్కు.

ఆ మాటకి అర్థం చెప్పాల్సినవాడు సర్వేశ్వరరావు. విశాఖపట్నంలో చదువు ముగించి, దొర దగ్గర దుబాసీగా చేరి నెల కాలేదు. అసలే ఇంగ్లీషు మాటలంటే పడి చస్తాడు. ఎవరైనా అర్థం అడిగితే చాలు, బూరెల గంపలో పడ్డట్టే.

పంతొమ్మిది వందల ఇరవై ఆరో సంవత్సరం, కార్తీకమాసం. హుకుంపేటకి ఎగువన కొండమీది విడిది బంగళాకి దొరా దుబాసీ చేరేసరికి పొద్దుగూకింది. నాలుగడుగుల అవతల ఏముందో కనపడని మంచు. బంగళా బంట్రోతు నెగడు వేస్తే దొర లోపల చలి కాచుకుంటున్నాడు. ఊరి పెద్ద సోంబరు గొంగళి కప్పుకుని వరండాలో కూర్చున్నాడు.

“గ్రోవ్ అంటే ఏటి బాబూ?”

సర్వేశ్వరరావు రెచ్చిపోయాడు. ఫారెస్టంటే కొండలన్నీ కప్పేసే మహారణ్యం, అది సర్కారుది. వుడ్ అంటే దానికి చెల్లెలు. థికెట్ అంటే ముళ్ళూ పొదలూ అల్లుకుపోయి, పాము కూడా పక్కకి తిరిగి దూరాల్సిన చోటు. అదీ సర్కారుదే. గ్రోవ్ మాత్రం వేరు. మహా అయితే పాతిక చెట్లు. కింద పొద ఉండకూడదు, నలుగురు హాయిగా కూర్చునేలా ఉండాలి. అలాంటిదైతే ఊరివాళ్ళకే వదిలెయ్యమని హుకుం.

సోంబరు మొహం వాడిపోయింది. అమ్మవారి చెట్ల కింద పుల్ల విరవడం మాట అటుంచి, రాలిన ఆకు కూడా ఎవరూ ముట్టుకోరు. తాతలనాటి నుంచీ అక్కడ పొదలు పొదలుగానే పెరిగాయి. కత్తి పెట్టినవాడి ఇంట్లో మళ్ళీ దీపం వెలగదని నమ్మకం.

పొద్దున్నే దొర వచ్చి చూస్తాడని, ఈ ఒక్కసారికీ ఆ పొదలు కొట్టించెయ్యమని సర్వేశ్వరరావు బతిమాలాడు. తను చెప్పిన అర్థానికి ఒక ఊరి దేవత బలైపోతుందేమోనని అతని భయం.

సోంబరు గొంగళి సర్దుకుని లేచాడు.

“కింద పొద ఉండకూడదు, కూకోడానికి ఈలుండాల. అంతేనా బాబూ?”

అంతే అన్నాడు సర్వేశ్వరరావు. దాన్నే ఇంకో రెండుసార్లు చెప్పించుకుని సోంబరు వెళ్ళిపోయాడు.

తెల్లారింది. మంచు మాత్రం కదల్లేదు. దొర కుక్క వెంటపడబోతే బంట్రోతు దాన్ని వరండాలో కట్టేశాడు. సోంబరు ముందు, దొర వెనక, ఆ వెనక సర్వేశ్వరరావు. ఎక్కారు, దిగారు, వాగు దాటారు. మళ్ళీ ఎక్కారు, దిగారు, మళ్ళీ వాగు దాటారు. మూడు గంటలు. దొర బూట్లు నీళ్ళు తాగాయి. సర్వేశ్వరరావుకి ప్రాణం కళ్ళలోకొచ్చింది.

అప్పుడు ఆగాడు సోంబరు. మంచులో ఇరవై దాకా గుగ్గిలం చెట్లు నిలబడి ఉన్నాయి. కింద అద్దంలా ఉంది. పొద లేదు, ఎండుటాకు లేదు. కూర్చోడానికి చదునైన బండ కూడా ఉంది.

దొర దానిమీద కూలబడి, ఇంత ముచ్చటైన గ్రోవ్ తన దేశంలో కూడా చూడలేదన్నాడు. అంతలో మంచులోంచి కుక్క దూసుకొచ్చి ఆయన ఒళ్ళో పడింది. తాడు తెంపుకుని, మూడు గంటల దారి వాసన పట్టుకుంటూ వచ్చేసిందని మురిసిపోయాడు. ఆ మురిపెంలోనే కాగితం తీశాడు. సోంబరు ఊరి అమ్మవారి చెట్లు గ్రోవేననీ, అవి ఊరివేననీ రాసి సంతకం గీకేశాడు.

సర్వేశ్వరరావుకి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. దొర మాత్రం మళ్ళీ ఆ మూడు గంటలూ తల్చుకుని మూలిగాడు. దగ్గర దారి ఉందన్నాడు సోంబరు.

సర్వేశ్వరరావు పక్కకి జరిగి గొంతు తగ్గించాడు. “మొత్తానికి కత్తి పెట్టేశావన్నమాట. మరి అమ్మవారికి కోపం రాదూ?”

సోంబరు కుక్క తల నిమిరాడు. “అమ్మోరి సెట్లు ఆ కొండెనకాల ఎలాగున్నాయో అలాగే ఉన్నాయి బాబూ, ఇవి మీ బంగళా పెరట్లోవి, మీ బంట్రోతే రోజూ ఊడుస్తాడు.”