ఆరు గంటల ప్రార్థన

సాయంత్రం ఆరయ్యేసరికి దేవక్క స్టవ్ కట్టేసి, చేతులు కడుక్కుని, ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది.

ఆరింటికి ఆదోనిలో పత్తి మిల్లు షిఫ్టు అయిపోతుంది. గేటు దాటగానే జయరాం ఫోన్ చేస్తాడు. గేటు నుంచి అతని రూముకు పావుగంట నడక. ఆ దారిలోనే బ్రాందీ షాపు. అది దాటేదాకా ఆమె లైన్లో ఉండాలి.

మొదటిసారి అతను చేసిన రోజు ఆమెకు బాగా గుర్తు. భర్త పోయి నాలుగేళ్ళు. పిల్లల్లేరు. ఎమ్మిగనూరులో ఆ ఒంటిగది ఇంట్లో సగం జాగా ఆయన మగ్గానిదే. ఫోన్ కంపెనీ రికార్డు గొంతు తప్ప, ఫోన్లో మనిషి గొంతు విని నెలలైంది.

"అమ్మా, ప్రార్థనకని చర్చిలో నంబరిచ్చినారు. నా కోసం ప్రార్థన చేయండమ్మా. నేను ఓడిపోతాండాను," అన్నాడు అవతలి మనిషి.

"ఎవరప్పా నువ్వు?"

చెప్పాడు. తాగుడుతో ఇల్లు చెడగొట్టుకున్నాడు. భార్య మల్లేశ్వరి పాపను ఎత్తుకుని కోసిగిలో పుట్టింటికి పోయింది. నూరు దినాలు ముట్టకుండా ఉంటే వస్తానంది. బాప్తిస్మం తీసుకుని రెండు నెలలైంది. చర్చిలో ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది. షాపు దగ్గరికి రాగానే సైతాను వచ్చి భుజం మీద చెయ్యేస్తాడు. చెబుతూ చెబుతూ ఏడ్చేశాడు.

మగమనిషి అట్లా ఏడవడం దేవక్క ఎప్పుడూ వినలేదు. కళ్ళు మూసుకుంది.

"దేవుడా, ఈ పిల్లోనికి బలమియ్యి," అంది. అంతకు మించి మాటలు రాలేదు.

"ఆమేన్," అన్నాడు జయరాం.

కాసేపాగి ఆమె కూడా అంది.

మర్నాడు ఆరింటికి మళ్ళీ చేశాడు. ఆ మర్నాడూ చేశాడు. వాక్యం చదవమని అడిగితే, "నువ్వే చదువప్పా, నాకు అచ్చరాలు ఆనవు," అనేది. అతను రూముకు చేరి, తలుపేసుకుని చదివేవాడు. ఆమె ఊ కొడుతూ వినేది. నడుమ నడుమ పాప సంగతులు చెప్పేవాడు. ఆమె మగ్గం సంగతులు చెప్పేది. ఇద్దరూ అన్నం ఒకే వేళకు తినడం మొదలుపెట్టారు, ఎవరింట్లో వాళ్ళు, ఒక్కరే.

దేవక్కకు భయం పట్టుకుంది. అంత పెద్ద యుద్ధం చేసేవాడికి రోజూ అదే ఒక్క ముక్క చెబితే ఎట్లా? ఆదివారం వీధి చివర చర్చి మైకులో వచ్చే ప్రసంగం ఒక్క మాట పోకుండా వినడానికి, ఆ పొద్దు వంట కూడా మానేసేది.

"ఈ వారం అయ్యగారు కవచం గురించి సెప్పినాడప్పా," అంది ఒక సోమవారం. "అది మనం నేసుకునేది కాదంట. మన నేత యాడికక్కడ పిగిలిపోతుందంట. ఆయనే ఇస్తాడంట, మనం తొడుక్కునేదేనంట."

అతను నవ్వాడు. అతను నవ్వడం ఆమె వినడం అదే మొదలు.

నలభై ఒకటో రోజు ఫోన్ ఆరూ పదికి వచ్చింది. దేవక్క జ్వరంతో పడుకుని ఉంది.

"పాప పుట్టినరోజమ్మా. పొద్దున్నించి చేస్తాండాను, మల్లేశ్వరి ఫోన్ ఎత్తలేదు. షాపు మెట్ల మీద ఉండాను. ఈ పొద్దు నాతో కాదు. చెప్పి పోదామని చేసినాను."

ఆమె లేచి కూర్చోబోయింది. తల తిరిగింది. నాలుగు వారాలుగా పోగు చేసుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు.

"నాకూ బలం లేదప్పా," అంది. "నీకూ లేదు. మనిద్దరి దగ్గరా లేనిది, ఉన్నోని దగ్గర అడుగుదాం. నువ్వు ఊరికే నిలబడు."

తర్వాత ఇద్దరూ మాట్లాడలేదు. ఆమెకు ఆటోల చప్పుడు వినిపించింది. ఎవరో అతన్ని పేరు పెట్టి పిలిచారు. బస్సు హారన్ వినిపించింది. ఆమె ఫోన్ను చెవికి అదిమి పట్టుకుని, పెదవులు కదిలిస్తూనే ఉంది. ఎంతసేపైందో తెలియదు. చివరికి తాళం తీస్తున్న చప్పుడు వినబడింది.

"రూముకొచ్చినానమ్మా," అన్నాడు.

నూరో రోజు అతని గొంతు వెనక చిన్నపిల్ల మాటలు వినిపించాయి.

"మల్లేశ్వరి వచ్చిందమ్మా. ఆదివారం ముగ్గురం బస్సెక్కి మీ చర్చికొస్తాం. నేను సాక్ష్యం సెప్పాల. అందరి ముందర మీ పేరు సెప్పాల."



"వద్దప్పా," అంది దేవక్క. "మీ ఆదోని చర్చిలోనే సెప్పు. నా పేరొద్దు. నిన్ను నిలబెట్టినోని పేరే సెప్పు. నాదేముంది ఇందులో?"

మల్లేశ్వరి ఫోన్ తీసుకుంది. మంచి గొంతు. "మీ మేలు మర్సిపోమమ్మా. ఇంక మీకు రోజూ శ్రమ ఇయ్యడులే. నేనుండాను కదా."

"మంచిదమ్మా. చల్లగుండండి," అంది దేవక్క.

మరుసటి రోజు ఆమె స్టవ్ కట్టేసి, చేతులు కడుక్కుని కూర్చుంది. ఆరైంది. ఆరూ పది అయింది. వీధిలో పిల్లలు ఆట చాలించి ఇళ్ళకు పోయారు. ఫోన్ మోగలేదు.

ఏడింటికి లేచి, ఉరుకుంద ఈరన్న స్వామి పటానికి దీపం పెట్టి, ఇది తప్పు నంబరని నూరు దినాల్లో ఒక్కసారైనా ఆ పిల్లోనికి చెప్పనందుకు చెంపలేసుకుంది.