మూడు దెబ్బలు

బండ కూలేసరికి పొద్దు బారెడెక్కింది. దుమ్ము సర్దుకున్నాక చూస్తే, గోతిలో ఉండాల్సిన ముగ్గురు మగాళ్లలో ఇద్దరే మిగిలారు. చెన్నయ్య, ఇన్నయ్య. హనుమంతు లేడు.

"ఒరేయ్ హనుమంతూ!" చెన్నయ్య గొంతు చించుకున్నాడు. రాయి పలకలేదు.

కేకేస్తే వచ్చే దిక్కూ లేదు. మాచర్ల అవతల మూతబడ్డ నాపరాతి క్వారీ అది. నాలుగేళ్ల కిందట మనిషి పోయాడని తాళమేశారు. దాంతో ముగ్గురి నోట్లోనూ మట్టి పడింది. చేతనైంది రాయి కొట్టడమొక్కటే. అందుకే కాపలావాడు ఊళ్లో లేని రోజు చూసి చాటుగా దిగుతున్నారు. పెళ్లాలకు కూడా చెప్పరు. దొరికితే జైలే మరి!

ఇప్పుడు కాపలావాడు కారెంపూడి వీరుల తిరునాళ్లకు పోయాడు. చుట్టుపక్కల ఊళ్లూ అక్కడే ఉన్నాయి. ఐదు రోజుల తిరునాళ్లలో ఇవాళ నాలుగోది, కోడిపోరు. రేపు కళ్లిపాడుతో ముగుస్తాయి. ఎల్లుండి తెల్లారేసరికి వాడు తిరిగొస్తాడు.

గట్టు మీది నుంచి యశోద జారుకుంటూ దిగింది. చేతిలో చిన్న సుత్తి. పన్నెండేళ్ల పిల్ల.

నాలుగేళ్ల కిందట ఈ క్వారీలో పోయింది ఆ పిల్ల తండ్రే. తల్లి అంతకు ముందే లేదు. ఈ ముగ్గురూ మొదటిసారి గోడ దూకి వచ్చిన రోజున, బండకు చెవి ఆనించి పడి ఉంది. తండ్రి పోయిన దగ్గర్నుంచీ, మూడు రోజులుగా అలాగే ఉందట. హనుమంతు భుజాన వేసుకుని ఇంటికి తీసుకుపోయాడు. పెళ్లాం అడిగితే దూరపు చుట్టాల పిల్లన్నాడు. ఆనాటి నుంచి అతనే ఆమెకు నాయన.

తర్వాత తెలిసింది ఆ చెవి సంగతి. సుత్తితో బండను టంగుమనిపించి, పగులు ఎక్కడుందో, బోలు ఎక్కడుందో చెప్పేస్తుంది. ముప్పై ఏళ్లు రాయి కొట్టిన చెన్నయ్యకే లేదు ఆ విద్య! ఒక్కసారీ తప్పలేదు.

ఈ పొద్దున కూడా గోడ కొట్టి చూస్తానంది. "పొద్దు పోతంది, రేపు చూద్దువులే" అన్నది చెన్నయ్యే. అతని నోరు పడిపోను! ఇప్పుడు అదే మాట అతని గుండెల్లో గునపంలా దిగుతోంది.

రాయి కొట్టేవాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. కింద చిక్కినవాడు మూడు దెబ్బలు కొడతాడు. బతికే ఉన్నానని దాని అర్థం. ఆ చప్పుడు వినపడినంతసేపూ పైవాళ్లు గడ్డపార కింద పెట్టకూడదు. వినపడకపోతే కొబ్బరికాయ కొట్టి, దణ్ణం పెట్టి వెళ్లిపోవాలి. యశోద తండ్రి పోయిన రోజున, రాళ్ల సందులోకి దూరగలిగేది ఎనిమిదేళ్ల ఆ పిల్లే గనక, ఆమెనే అడిగారు. చెవి పెట్టి విని, "ఏం లేదు" అంది. పసిపిల్ల, ఉన్నమాటే చెప్పింది. అందరూ కాయ కొట్టి ఇళ్లకు పోయారు.

యశోద నాలుగు చోట్ల కొట్టి చూసింది. ఐదో చోట ఆగింది.

"ఈడ బోలుంది." చెవి ఆనించింది. ఎంతకూ లేవలేదు.

"ఏందమ్మా, ఇనపడతందా?" చెన్నయ్య పక్కనే వంగాడు.

"కొడతన్నాడు పెదనాయనా. మూడు."

ఇద్దరూ రాక్షసుల్లా పడ్డారు రాళ్ల మీద. ఎండ నెత్తి మాడ్చింది. చేతులు బొబ్బలెక్కి చితికాయి. రాత్రి లాంతరు వెలిగిస్తే ఎవరన్నా చూస్తారని తడుముకుంటూనే తీశారు. తెల్లారేసరికి ఇన్నయ్య గడ్డపార పారేశాడు.

"నా వల్ల గాదన్నా. వాడు ఎప్పుడో పోయుంటాడు. కాయ కొట్టి పోదాం."

యశోద గబుక్కున వంగి బండకు చెవి పెట్టింది.

"ఉన్నాడు బాబాయ్! మూడు దెబ్బలు. గట్టిగా."

ఇన్నయ్య కూడా చెవి పెట్టాడు. "నాకేం ఇనపళ్లా."

"నీకెప్పుడు ఇనపడిందిరా, చెవిటి మాలోకం!" చెన్నయ్య కసిరాడు. "ఆ పిల్ల నోట అబద్ధం రాదు. పట్టు."

ఇన్నయ్య పట్టాడు. మధ్యాహ్నం మళ్లీ కూలబడ్డాడు. యశోద మళ్లీ చెవి పెట్టింది. మళ్లీ మూడు. పొద్దు వాలేసరికి చెన్నయ్యే గడ్డపార కింద పెట్టాడు. ఇంకాసేపటికి కాపలావాడు తిరునాళ్ల నుంచి బండి ఎక్కుతాడు. జైలు, పిల్లలు, ఆకలి, అన్నీ ఒక్కసారే కళ్ల ముందు తిరిగాయి.

"తల్లీ, నిజంగా..."

"కొడతన్నాడు పెదనాయనా." ఆ పిల్ల బండ మీద నుంచి చెవి తీయలేదు. "నీ కాళ్లు పట్టుకుంటా. పోమాకండి."

చెన్నయ్య ఏడుస్తూనే గడ్డపార ఎత్తాడు.

దీపాలు పెట్టే వేళకు పెద్ద పలక ఒకటి పక్కకు జరిగింది. సందులో తల కనపడింది. జుట్టంతా సున్నం కొట్టినట్టుంది. కళ్లు కదిలాయి!

యశోద లోపలికి దూరి ఓణీ తడిపి పెదాల మీద పిండింది. "నాయనా, నాయనా" అని ఒకటే ఏడుపు. ఇన్నయ్య రెండు చేతులూ జోడించి అక్కడే కూలబడ్డాడు.

"బతికావురా!" చెన్నయ్య సందులోకి చెయ్యి చాపి అతని తల నిమిరాడు. "అంతా నీ దెబ్బల చలవరా! నిన్నట్నించీ మూడేసి మూడేసి, ఒక్కసారన్నా మానకుండా భలే కొట్టావు!"

హనుమంతు అర్థం కానట్టు చూశాడు.

"నేనేడ కొట్టానన్నా... పడ్డ కాణ్నించీ నా రెండు చేతులూ ఈ బండ కిందే గదా!"