ఎర్ర సున్నా పడలేదు

“పేడా తీస్కో పెద్దమనిషీ! మా ఇంటామెకు రోగం పాకలేదట!”

ఆ ఊపులో తెలుగులోనే అనేసి, బెంచీ మీది ముసలాయనకు కనుకయ్య మిఠాయి పెట్టె చాపాడు.

2007లో ముంబై దగ్గరి భివండీలో, నిజాంపురా పేటలో కొత్తగా తెరిచిన స్కానింగ్ సెంటర్ అది. కనుకయ్య భార్య లక్ష్మవ్వకు నిరుడు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది. రోగం ఊపిరితిత్తులకు పాకిందేమో తేల్చుకోవడానికి వచ్చారు.

కంప్యూటరే తేల్చింది. మచ్చ ఉంటే తెర మీద దానంతట అదే ఎర్ర సున్నా చుడుతుందట. లక్ష్మవ్వకు ఒక్క సున్నా కూడా పడలేదు.

“ఏదీ, ఫిల్మ్ ఓసారి ఇయ్యి బిడ్డా,” అన్నాడు ముసలాయన.

తెలుగువాడే! కనుకయ్య సంబరంగా ఇచ్చాడు.

ముసలాయన దాన్ని కిటికీ వెలుగుకు పట్టి చాలాసేపు చూశాడు.

“ఇగో, ఇక్కడ సన్న మచ్చ ఉన్నది. కంప్యూటర్ దీన్ని రక్తనాళం అనుకున్నది. వెంటనే ముంబై తీస్కపో. ఇప్పుడైతే ఆపొచ్చు.”

కనుకయ్యకు ఒళ్లు మండింది. భివండీలో అడగని సలహా చెప్పేవాడంటే కమీషన్ కోసం తిరిగే దలాలే. నూలుకు దలాల్, గుడ్డకు దలాల్, ఇప్పుడు రోగానికి కూడానా!

“ఏ దవాఖానోళ్లు పంపిన్రు నిన్ను? మా భయం మీద బతకవట్టిన్రు!”

“నేనూ డాక్టర్నే.”

కనుకయ్య ఆయన మాసిన చొక్కా చూసి పకపకా నవ్వాడు.

“ఏమయ్య, పెద్దమనిషి గంతగనం చెప్పవట్టె,” అంది లక్ష్మవ్వ. “జర ముంబై పోయొద్దాం.”

“నీకేమెరుక? మిషన్ అబద్ధమాడుతదా?”

అబద్ధమాడదట! పడుగు పోగు తెగినా సాంచా, అదే మరమగ్గం, ఆగదనీ, తప్పును అట్లాగే నేసుకుంటూ పోతుందనీ అదే భివండీలోని నార్పోలిలో ఇరవై ఏళ్లుగా సాంచాలు నడిపే మనిషికి తెలియదా? తన షెడ్డులో సాంచాల పక్కన మనుషుల్ని నిలబెట్టేది అందుకు కాదూ? పెళ్లాం ప్రాణం దగ్గరికి వచ్చేసరికి ఆ ఇంగితం ఏ గంగలో కలిసిందో!

“చౌకీదార్! ఈ దలాల్‌ను బయటికి నూకు!”

చౌకీదార్ ముసలాయన రెక్క పట్టుకుని మెట్ల కిందికి తోశాడు.

కొన్ని నెలలు గడిచి, దసరా దాటాక లక్ష్మవ్వ దగ్గితే నెత్తురు పడింది.

ముంబైలో పెద్ద డాక్టర్ పాత ఫిల్మ్, కొత్త ఫిల్మ్ పక్కపక్కన పెట్టి చూశాడు. లక్ష్మవ్వను బయట కూర్చోబెట్టమన్నాడు.

“రెండు ఊపిరితిత్తులూ నిండిపోయాయి. ఇక చేసేదేం లేదు,” అన్నాడు హిందీలో. “మచ్చ అప్పుడే ఉంది. అప్పుడే రావలసింది.”

“కంప్యూటర్ లేదన్నది సార్!” కనుకయ్య భోరుమన్నాడు. “అక్కడ ఒక ముసలాయన ఉన్నదన్నడు. డాక్టర్నంటే నవ్విన. దలాలని నూకిపిచ్చిన. నా చేతులార నేనే ఆమెను చంపుకున్న సార్!”

డాక్టర్ చప్పున తలెత్తాడు.

“స్కానింగ్ సెంటర్లలో కూర్చునే తెలుగాయనా?”

“అవును సార్. మీకెట్ల తెలుసు?”

“మా గురువు జ్ఞానయ్య గారు. ఆ కంప్యూటర్‌కు క్యాన్సర్‌ను గుర్తుపట్టడం నేర్పింది ఆయనే. అది ఇంకా సరిగా నేర్చుకోలేదు, అమ్మొద్దని కంపెనీతో కొట్లాడి, అది ఉన్న ప్రతి ఊరికీ పోయి మెడపట్టి గెంటించుకుంటున్నదీ ఆయనే.”