కుట్టు మిషన్ వచ్చిన రోజు

ఆ రోజు ఇంట్లో అవ్వ, అమ్మ, నేను, లోపలి గదిలో దగ్గుతూ నాయన ఉన్నాం.

మదనపల్లె సేవా క్లబ్బు నుంచి ఉషారాణి మేడం కుట్టు మిషన్‌తో వాకిట్లో దిగింది. ఇద్దరు బ్యానర్ పట్టుకున్నారు. మేడం నా అర్జీ పైకి చదివింది.

"మా నాయన రెడ్డెప్ప పోయిన సంవత్సరం చనిపోయారు."

అమ్మ చెయ్యి నుదుటి బొట్టు మీదికి పోయింది. ఈ సంవత్సరం మిషన్లు భర్త లేనివాళ్లకేనని స్కూల్లో చెబితే అలా రాశాను. వాళ్లు ఇంటికే వస్తారనుకోలేదు.

లోపల దగ్గు మళ్లీ మొదలైంది.

"ఎవరమ్మా లోపల?" అంది మేడం.

"మా తమ్ముడమ్మా. చౌడేపల్లె నుంచి సూసిపోను వచ్చినాడు," అంది అవ్వ, నాయనను కన్న తల్లి.

నేను లోపలికి పరుగెత్తాను. నాయన గోడ పట్టుకుని గది గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు.

"నాయనా, నిజం చెప్పేస్తా. మిషన్ ఎత్తుకోని పోనీలే."

"వద్దు పాపా. మీయమ్మ ఇంకెన్నాళ్లు మండీలో టమేటా గంపలు మోస్తాది?"

"మరి నువ్వు?"

"ఫొటో తీస్తాండారు, పో. వాళ్లు పోయేదాకా దగ్గనులే," అని నా ముఖం మీదే తలుపు మూశాడు.