ఒక ఉత్తరం తేడా

ఛీ! పొద్దున్నే లెక్క తప్పింది.

పాత మెయిల్ సర్వర్‌లో నిన్నటి ఉత్తరాలు నాలుగువందల పన్నెండు. దాని పక్కన కొత్తగా పెట్టినదాంట్లో నాలుగువందల పదకొండు.

ఇరవై రోజులుగా ఆ రెండింటినీ జోడెడ్లలా కలిపి నడుపుతున్నాడు అతను. వచ్చే ఉత్తరమైనా, పోయే ఉత్తరమైనా రెండింటిలోనూ పడాలి. నెల్లాళ్లు తేడా రాకపోతే పాతదాన్ని పీకేస్తారు. అదీ పరీక్ష. ఈ పని మొదలైనప్పటినుంచీ ఆఫీసంతా అతన్ని చూడగానే "సర్వరూ, రెండు కాఫీలు పట్రా!" అని జోకులు. ఇవాళ ఒక్కరూ నోరు మెదపలేదు.

పదకొండింటికి స్టోర్స్ అక్క మీద విచారణ. కంపెనీ ధరల పట్టికను పోటీ కంపెనీకి పంపేసిందట. ఆ ఉత్తరం ఆమె మెయిల్లోనే దొరికింది. పందొమ్మిదేళ్ల ఉద్యోగం మధ్యాహ్నానికల్లా ఊడుతుంది. అసలు సంగతి అందరికీ తెలుసు. తుప్పుపట్టిన సామాను బాగుందని సంతకం పెట్టమని మేనేజర్ అడిగితే, చచ్చినా పెట్టనంది.

తేడా వచ్చిన ఉత్తరమూ అదే. పాతదాంట్లో ఉంది, కొత్తదాంట్లో లేదు. నిజంగా పంపి ఉంటే రెండింటిలోనూ ఉండేది. అంటే అది పంపిన ఉత్తరం కాదు, తెచ్చి పాతదాంట్లో పెట్టిన ఉత్తరం. పక్కన రెండోది నడుస్తోందన్న ఇంగితం కూడా లేకుండా!

'వెధవ! అడ్డగాడిద!' అని తిట్టుకున్నాడు. టీ సగంలో వదిలేశాడు.

ఇంతలో తలుపు తోసుకుని అక్క వచ్చింది.

"తమ్ముడూ, నా పిల్లల మీద ఒట్టు, నేను పంపలేదు. ఈ పెట్టెల్లో ఏముంటుందో నాకేం తెలుసు? నువ్వే చూడు. నీకు తప్ప ఇంకెవరికి చెప్పుకోను?"

"చూస్తానక్కా" అన్నాడు, కీబోర్డు మీంచి తలెత్తకుండా.

ఆమె అటు వెళ్లిందో లేదో, మేనేజర్ దిగాడు. ఒంటినిండా సెంటు. రోజూ వెళ్లే రిపోర్టు చూసినట్టున్నాడు, వస్తూనే భుజం మీద చెయ్యేశాడు. అతనికి ఒళ్లంతా తేళ్లూ జెర్రులూ పాకినట్టయింది.

"ఏంటయ్యా, ఒకటి తక్కువొచ్చిందట?"

"అవును సార్. ఆ ఉత్తరమే."

"కొత్త మెషిన్ కదా, ఒకటి మింగేసిందని రాసెయ్. సిస్టమ్స్ హెడ్ కుర్చీ నీదేనని మాటిచ్చానా, లేదా? నోరు మూసుకుని కూర్చో, చాలు."

అతను తెర వైపు తిరిగాడు. ఒక కుర్చీ కోసం మనిషన్నవాడు ఇంత దిగజారతాడా అనుకున్నాడు. అసహ్యంతో నోరంతా చేదెక్కింది.

విచారణకు కంపెనీ యజమాని పెద్దాయన స్వయంగా వచ్చి కూర్చున్నాడు. అక్క చేతులు ఒళ్లో పెట్టుకుని నేలచూపులు చూస్తోంది.

"మెయిల్ సంగతి నువ్వు చెప్పవయ్యా" అన్నాడు పెద్దాయన.

మేనేజర్ గట్టిగా దగ్గాడు. అయినా అతను లేచి నిలబడ్డాడు.

"అక్క పంపలేదు సార్. పంపి ఉంటే కొత్తదాంట్లోనూ ఉండాలి. లేదు. కొత్తది మింగెయ్యనూ లేదు, ఇరవై రోజుల లెక్క ఇదిగో. అది కావాలని తెచ్చి పెట్టిన ఉత్తరం."

మేనేజర్ మొహంలో నెత్తురుచుక్క లేదు. అక్క బావురుమంది.

"బతికించావు నాయనా! నీలాంటివాడు ఇంటికొకడుంటే చాలు."

పెద్దాయన బల్ల మీద గుద్దాడు.

"అన్నం తినేవాడు చేసే పనేనా ఇది? ఎవడా నీచుడు? పేరు దొరుకుతుందా?"

"దొరుకుతుంది సార్. ఎవరు ఏం చేసినా సర్వర్ రాసిపెట్టుకుంటుంది."

ల్యాప్‌టాప్‌ను నెమ్మదిగా పెద్దాయన వైపు తిప్పాడు.

తెర మీదున్నది మేనేజర్ పేరు కాదు, దాన్ని తిప్పి చూపించినవాడి పేరే.