జడ్జిగారి మీద ఫిర్యాదు

“ముందు నన్ను కట్టెయ్ లోనీ, తర్వాత దాన్ని కట్టుదువుగాని!”

చెరువులోకి దిగే దారికి అడ్డంగా నిలబడింది ఆర్డెల్. మొసళ్లు పట్టే లోనీ చేతిలో తాడుతో ఆగిపోయాడు. అతని వెనక, ఫిర్యాదు చేసిన పక్కింటి హింక్లీ కుక్కపిల్లను చంకలో ఇరికించుకుని నిలబడ్డాడు. ఒహాయో నుంచి ఫ్లోరిడాకు మకాం మార్చి అతనికింకా మూడు నెలలే.

“మొన్న పొద్దున అది తిన్నగా నా మీదికే వచ్చిందండీ.”

“మీ మీదికి కాదు, మీ కుక్క మీదికి. నీటికి ఇరవై అడుగులు ఎడంగా నడవమని మీరు సామాను దించిన రోజే చెప్పానా? వింటేగా!”

“రూలు మీకు తెలియంది కాదు అమ్మగారూ,” అన్నాడు లోనీ. “మనిషంటే భయం పోయిన మొసలిని వేరేచోట వదలడం ఉండదు. ఎక్కడ వదిలినా తిరిగొచ్చేస్తుంది. చంపడమే. ఇంతకీ దీనికెవరైనా తిండి పెడుతున్నారా? భయం పోయేది దానివల్లే.”

“నేనుండగానా! పోయినేడు బిస్కెట్లు విసిరినవాళ్లను కారెక్కేదాకా తరిమాను.”

చెరువు మధ్యలో కళ్లూ ముక్కూ మాత్రం తేల్చి ఉన్నాడు జడ్జిగారు. ఆ పేరు ఆర్డెల్ పెట్టిందే. పదకొండడుగుల ఒళ్లు. కొంగ వచ్చి పక్కనే వాలినా చలించడు. చలించదలచుకుంటే మాత్రం చూసేవాళ్ల రెప్ప పడేలోగా పని అయిపోతుంది. అంత బలాన్ని అంత నిశ్శబ్దంగా దాచుకునే ప్రాణిని ఆమె మరొకదాన్ని చూడలేదు.

“సరే, చూద్దాం,” అంటూ లోనీ కాస్త కిందికి దిగి చప్పట్లు కొట్టాడు.

జడ్జిగారు తోక ఒక్కసారి ఊపి, అవతలి రెల్లు వైపు తిరిగిపోయాడు.

“ఇప్పుడు మీరు రండి. కుక్కను అక్కడే కట్టేసి రండి.”

హింక్లీ నాలుగడుగులు వేశాడో లేదో, నీటిమీద కళ్లు కూడా మాయమయ్యాయి. బుడగ కూడా లేవలేదు.

లోనీ తాడు చుట్టేశాడు. “పెద్దమనిషండీ! మనిషికి ఎంత దూరంలో ఉండాలో మనకన్నా బాగా తెలుసు. ఫిర్యాదు కొట్టేస్తున్నా.”

ఆర్డెల్‌కు గుండె మీది బరువు దిగినట్టయింది. కళ్లు తుడుచుకుంది.

“భోంచేయకుండా కదిలావంటే ఊరుకోను లోనీ. పొద్దున పట్టిన చేపలున్నాయి. మీరూ రండి హింక్లీ గారూ, మనలో మనకు కోపాలేమిటి!”

ముగ్గురూ ఆమె పెరటి వైపు నడిచారు. అక్కడ అదే చెరువు నీళ్లమీదికి కట్టిన చెక్కవంతెన చివర, చేపలు బాగుచేసుకునే బల్ల ఉంది. ఆర్డెల్ బుట్టలోంచి ఓ చేపను తీసి తల కోసి పక్కన పెట్టింది. కత్తి తిరగేసి పొలుసు గీకడం మొదలుపెట్టింది. బర్రు బర్రుమని నాలుగు గీతలు పడ్డాయో లేదో, అవతలి రెల్లు కదిలింది.

జడ్జిగారు నీటిని రెండుగా చీలుస్తూ, ఎక్కడా ఆగకుండా, తిన్నగా బల్ల కిందికి వచ్చి నోరు తెరిచాడు.

“అమ్మగారూ...” అంటూ లోనీ బల్ల కిందికి వేలు చూపించాడు.

ఏమిటన్నట్టు ఆర్డెల్ అతని వైపు తిరిగింది గాని, పన్నెండేళ్ల అలవాటు కొద్దీ ఆమె చెయ్యి అప్పటికే చేప తలను కిందికి విసిరేసింది.